‘వచ్చింది’ – ‘తెచ్చుకున్నాడు’: హెచ్‌ఐవి నివారణ పరిభాష, హిజ్రా ఆత్మకథ – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

లైంగిక, జెండర్ అల్పసంఖ్యాకులలో హెచ్‌ఐవి నివారణకు నాలుగు దశాబ్దాలుగా జరుగుతున్న అంతర్జాతీయ కృషి వైద్యాన్నే కాక ఒక పరిభాషను కూడా నిర్మించింది. ఆ పరిభాష తెలుగులోకి కొంత లిప్యంతరీకరణగా, కొంత సంస్కృత సమాసాలుగా చేరింది. మనుషులను ప్రమాదకర చర్యను బట్టి గుర్తించే ఈ పరిభాషకూ, తెలుగు వ్యాకరణం రోగాన్నీ మనిషినీ వాక్యంలో నిలిపే తీరుకూ, పి. సత్యవతి అనువదించిన ‘ఒక హిజ్రా ఆత్మకథ’లోని ఉత్తమ పురుష కథనానికీ మధ్య ఉన్న అంతరాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: హెచ్‌ఐవి నివారణ, పరిభాష, హిజ్రా, ఆత్మకథ, అనువాదం, ఉత్తమ పురుష.

1. ఉపోద్ఘాతం

తెలుగులో రోగాన్ని గురించి చెప్పే వాక్యాలు ప్రధానంగా రెండు విధాలు. ‘అతనికి జ్వరం వచ్చింది’ అన్నప్పుడు కర్త జ్వరం. మనిషి చతుర్థీ విభక్తిలో, ఆ రాకను అనుభవించేవాడిగా ఉంటాడు. ‘అతను రోగం తెచ్చుకున్నాడు’ అన్నప్పుడు కర్త మనిషి. ‘కొను’ అనే సహాయక క్రియ ఫలితాన్ని అతని మీదికే మళ్ళిస్తుంది. జలుబు, కామెర్లు, క్షయ, మలేరియా ‘వస్తాయి’. ఎయిడ్స్‌ను మాత్రం మనుషులు ‘తెచ్చుకుంటారు’, ‘అంటించుకుంటారు’. ఈ భేదాన్ని ఏ వైద్యగ్రంథమూ బోధించలేదు. ఊరి రచ్చబండ మీద, ఆస్పత్రి వరండాలో, బంధువుల గుసగుసల్లో అది దానంతటదే ఏర్పడింది. సమాజం ఒక రోగానికి వేసిన కళంకం క్రియాపదంలో ఎంత సూక్ష్మంగా ఇముడుతుందో చూపడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

ఎయిడ్స్ మహమ్మారి అర్థాల మహమ్మారి కూడా అని పౌలా ట్రైక్లర్ 1987లోనే ప్రతిపాదించారు. రోగాల చుట్టూ అల్లుకునే రూపకాలు రోగిని ఎలా గాయపరుస్తాయో సుసాన్ సాంటాగ్ 1989లో ‘ఎయిడ్స్ అండ్ ఇట్స్ మెటఫర్స్’లో చర్చించారు. వీరిద్దరి పరిశీలనా ఆంగ్లానికి, అమెరికా సమాజానికి సంబంధించినది. తెలుగులో ఎయిడ్స్ మీద చర్చ ఎక్కువగా కథావస్తువు స్థాయిలో, సామాజిక సమస్యా చిత్రణ స్థాయిలో సాగింది. నివారణ పరిభాషను ఒక పాఠంగా తీసుకొని, దానిని సాహిత్య పాఠం పక్కన పెట్టి చదివే ప్రయత్నం ఇంకా జరగవలసి ఉంది. ఈ వ్యాసం ఆ దిశలో ఒక చిన్న అడుగు.

2. అంతర్జాతీయ పరిభాష: పుట్టుక, ప్రయోజనం

1981 జూన్ 5న అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం తన వారపత్రికలో లాస్ ఏంజెలిస్‌కు చెందిన ఐదుగురు యువకులలో కనిపించిన అరుదైన న్యుమోనియాను నివేదించింది. ఆ యువకులు స్వలింగ సంపర్కులని అందులోనే పేర్కొంది. తొలిరోజులలో కొందరు వైద్యులు ఈ వ్యాధిని స్వలింగ సంపర్కులకే అంటగట్టే పేరుతో పిలిచారు. 1982లో ‘ఎయిడ్స్’ అనే పేరు స్థిరపడినా, మొదటి పేరు వేసిన ముద్ర చెరగలేదు. ఒక జనసమూహం పేరు ఒక రోగానికి పేరైన స్థితి నుంచి బయటపడడమే తరువాతి పరిభాషా చరిత్ర అంతటికీ మూలం.

ఆ ప్రయత్నం మొదట రోగుల నుంచే వచ్చింది. 1983లో డెన్వర్ నగరంలో సమావేశమైన ఎయిడ్స్ బాధితులు తమను ‘బాధితులు’ అనవద్దని, ఎయిడ్స్‌తో జీవిస్తున్న మనుషులుగా గుర్తించాలని, తమకు సంబంధించిన నిర్ణయాలలో తమకు భాగం ఉండాలని ప్రకటించారు. పై వాక్యంలో ‘ఎయిడ్స్ బాధితులు’ అన్న మాటను ఉద్దేశపూర్వకంగానే వాడడం జరిగింది. ఆ మాట తెలుగులో ఎంత సహజంగా దొర్లిపోతుందో, వారు దేనిని వద్దన్నారో పాఠకుడు వెంటనే గమనించగలడు. ఇప్పుడు అధికార పత్రాలలో ‘హెచ్‌ఐవితో జీవిస్తున్నవారు’ అన్న ప్రయోగం కనిపిస్తున్నది. దాని వెనుక డెన్వర్ ప్రకటన ఉంది.

రెండవ మార్పు 1990ల తొలినాళ్ళలో వచ్చింది. ‘గే’ వంటి అస్తిత్వ సూచక పదాలను వదలి ‘పురుషులతో లైంగిక సంబంధాలు గల పురుషులు’ అనే వర్ణనాత్మక సమాసాన్ని ప్రజారోగ్య రంగం స్వీకరించింది. ఆంగ్లంలో దాని పొడి అక్షరాలు ‘ఎంఎస్‌ఎం’ అయ్యాయి. దీని ఉద్దేశం మంచిదే. వైరస్ మనిషి అస్తిత్వాన్ని చూసి సోకదు, చర్య ద్వారా సోకుతుంది. కాబట్టి చర్యనే పేర్కొంటే చాలు, ఎవరి మీదా ముద్ర పడదు అని నిపుణులు భావించారు. తనను తాను గేగా భావించని, పెళ్ళయి పిల్లలున్న పురుషుడికి కూడా ఈ వర్గీకరణలో చోటు దొరికింది. స్వలింగ సంపర్కాన్ని నేరంగా చూసే దేశాలలో ప్రభుత్వాలతో మాట్లాడడానికి ఈ పొడి అక్షరాలు ఒక రకమైన రక్షణ కవచంగా కూడా పనిచేశాయి.

భారతదేశంలో హెచ్‌ఐవిని తొలిసారిగా 1986లో చెన్నైలో గుర్తించారు. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఏర్పడింది. ప్రపంచబ్యాంకు, 1996లో పని ప్రారంభించిన యుఎన్‌ఎయిడ్స్, గ్లోబల్ ఫండ్ వంటి సంస్థల ద్వారా ఈ పరిభాష మన దేశానికి చేరింది. 2003లో గేట్స్ ఫౌండేషన్ ప్రారంభించిన ‘ఆవాహన్’ కార్యక్రమం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలో పనిచేసింది. గ్లోబల్ ఫండ్ సాయంతో 2010లో మొదలైన ‘పెహచాన్’ కార్యక్రమం పురుషులతో సంబంధాలు గల పురుషులు, ట్రాన్స్‌జెండర్లు, హిజ్రాల కోసం 17 రాష్ట్రాలలో సముదాయ సంస్థలను బలపరచడానికి ఉద్దేశించింది. ‘హై రిస్క్ గ్రూప్’, ‘టార్గెటెడ్ ఇంటర్వెన్షన్’, ‘పీర్ ఎడ్యుకేటర్’, ‘డ్రాప్ ఇన్ సెంటర్’, ‘లైన్ లిస్టు’ వంటి మాటలు స్వచ్ఛంద సంస్థల కార్యాలయాలలో తెలుగు వాక్యాల మధ్య యథాతథంగా స్థిరపడినవి ఈ కాలంలోనే.

3. ఒక పేరు కింద పలు జీవితాలు

ఈ పరిభాష మీద విమర్శ ప్రజారోగ్య రంగంలోనే పుట్టింది. 2005లో రెబెకా యంగ్, ఇలాన్ మేయర్ ‘ఎంఎస్‌ఎం’ అనే పదం మనుషుల సొంత పేర్లను, వారి సామాజిక బంధాలను చెరిపివేసి, మనిషిని లైంగిక చర్య ఒక్కదానికే కుదిస్తున్నదని వాదించారు. పేరు మారితే విజ్ఞానశాస్త్రం చూసే వాస్తవం కూడా మారుతుందని చెప్పడానికి ఒక ప్రసిద్ధ పరిశోధనను పరిశీలించవచ్చు.

హెచ్‌ఐవి సోకకముందే రోజూ మాత్ర వేసుకోవడం ద్వారా రక్షణ పొందవచ్చునని 2010లో ‘ఐప్రెక్స్’ అధ్యయనం నిరూపించింది. ఆరు దేశాలలో 2499 మంది ఇందులో పాల్గొన్నారు. మాత్ర ఇచ్చినవారిలో కొత్తగా హెచ్‌ఐవి సోకడం 44 శాతం తగ్గింది. మొదటి నివేదికలో ట్రాన్స్‌జెండర్‌గా లెక్కకు వచ్చినవారు ఒక్క శాతం మాత్రమే. తక్కినవారంతా ‘పురుషులతో సంబంధాలు గల పురుషులు’. 2015లో అదే సమాచారాన్ని మరింత విస్తృతమైన ప్రశ్నలతో పునఃపరిశీలించినప్పుడు 339 మంది, అంటే సుమారు 14 శాతం, ట్రాన్స్ మహిళలుగా తేలారు. వారిని విడిగా చూస్తే ఆ సమూహం మొత్తంలో మాత్ర వల్ల రక్షణ కనబడలేదు. అయితే రక్తంలో మందు జాడ ఉన్నవారెవరికీ వైరస్ సోకలేదు. అంటే లోపం మందులో లేదు. మందును క్రమంగా తీసుకోగల పరిస్థితి వారికి లేకపోవడంలో ఉంది. తమ హార్మోన్ల చికిత్సకు ఈ మాత్ర అడ్డువస్తుందేమోనన్న భయం వంటి వారి ప్రత్యేక ప్రశ్నలు ‘పురుషులు’ అన్న పేరు కింద అడగడానికే వీలులేకపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014 మార్గదర్శకాలలో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను ప్రత్యేక కీలక సమూహంగా పేర్కొంది.

తెలుగు నేల మీద ఈ సమస్య మరింత చిక్కనిది. హైదరాబాదు, సికింద్రాబాదు హిజ్రాల మధ్య క్షేత్ర పరిశోధన చేసి గాయత్రీ రెడ్డి 2005లో ‘విత్ రెస్పెక్ట్ టు సెక్స్’ అనే గ్రంథాన్ని ప్రచురించారు. ఆమె చూపిన ప్రపంచంలో హిజ్రాలతోపాటు జోగినులు, శివసత్తులు, జెనానాలు, చీర కట్టనివారు ఉన్నారు. వీరందరూ తమను ఒకే విస్తృత కుటుంబంలోని వేర్వేరు శాఖలుగా భావించుకుంటారు. వారి మధ్య హెచ్చుతగ్గులను నిర్ణయించేది లైంగిక చర్య ఒక్కటే కాదు. మతాచారం, కట్టుబొట్టు, గురుశిష్య బంధం, అన్నింటికీ మించి ‘ఇజ్జత్’ ముఖ్యం. కొమురవెల్లి మల్లన్న జాతరలో పూనకం వచ్చే శివసత్తినీ, సికింద్రాబాదులో లైంగిక వృత్తిలో ఉన్న హిజ్రానూ, పగలు ఉద్యోగం చేసుకునే వివాహిత పురుషుణ్ణీ ఒకే పొడి అక్షరాలతో గుర్తించినప్పుడు వైరస్ ప్రసరణ మార్గం అర్థం కావచ్చు గాని, ఎవరి మాట ఎవరు వింటారో, ఎవరు ఎవరిని ఆస్పత్రికి తీసుకువెళ్తారో అర్థం కాదు. నివారణకు కావలసినది ఆ రెండవ జ్ఞానమే.

లెక్కించడానికి మరొక పార్శ్వం కూడా ఉంది. 2017 జాతీయ నిఘా గణాంకాల ప్రకారం దేశంలోని వయోజనులలో హెచ్‌ఐవి వ్యాప్తి 0.22 శాతం కాగా, పురుషులతో సంబంధాలు గల పురుషులలో 2.69 శాతం, హిజ్రా, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులలో 3.14 శాతం. ఇంతటి అంతరం ఉన్నప్పుడు లెక్కించకపోవడం అన్యాయం. కాని హిజ్రాల జాబితా తయారుచేయడం మన చరిత్రలో హెచ్‌ఐవితో మొదలు కాలేదు. 1871 నాటి నేరస్థ తెగల చట్టంలోనే వారిని పోలీసు రిజిస్టరులో నమోదు చేసే నిబంధన ఉంది. అదే తరహాలో నిజాం రాజ్యంలో 1919లో వచ్చిన చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023లో రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. పోలీసు జాబితా జ్ఞాపకం ఉన్న సముదాయాన్ని ఆరోగ్య జాబితాలో పేరు రాయించుకోమన్నప్పుడు వారు వెనుకాడితే, దానిని ‘అవగాహనా లోపం’ అనడం సరికాదు.

4. తెలుగు వాక్యంలో రోగం, మనిషి

ఇక్కడ మళ్ళీ ఉపోద్ఘాతంలోని క్రియాపదాల వద్దకు రావాలి. 2000ల తొలి సంవత్సరాలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోడల మీద, హోర్డింగుల మీద కనిపించిన ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అనే ప్రశ్న తెలుగువారికి నేటికీ గుర్తుంది. భాషాదృష్టితో చూస్తే అది ఆలోచించి కూర్చిన వాక్యం. అందులో మనిషి చతుర్థిలో ఉన్నాడు, రోగం ‘వస్తుంది’. ‘తెచ్చుకుంటాడా’ అని ఆ ప్రచారం అడగలేదు. నింద లేని క్రియను ఎన్నుకోవడం వల్లనే ఆ ప్రశ్నను జనం నవ్వుతూ ఇంటికి తీసుకుపోయారు. అయితే ఆ చతుర్థీ విభక్తి దక్కింది పులి వంటి మగవాడికి. పురుషులతో సంబంధాలు గల పురుషులకు, హిజ్రాలకు సందేశం ప్రధానంగా పీర్ ఎడ్యుకేటర్ల ద్వారా, చీకటి పార్కులలో, చిన్న గదులలో, కరపత్రాలలో చేరింది. అక్కడ భాష మారింది. ‘పురుషులతో లైంగిక సంబంధాలు కలిగి ఉన్న పురుషులు’ అనే విశేషణ వాక్యంలో మనిషి మళ్ళీ కర్త. అతను చేసే పని అతని పేరు. ఆంగ్లంలో నిష్పక్షపాతంగా ఉద్దేశించిన ఈ సమాసం తెలుగులోకి వచ్చేసరికి ‘తెచ్చుకున్నాడు’ అనే క్రియకు దగ్గరగా జరిగింది. పొడి అక్షరాలుగా ఉన్నంతవరకు దాగిన నింద, విడమరచి అనువదించగానే బయటపడింది. క్షేత్ర కార్యకర్తలు తెలుగు అనువాదాన్ని వదలి ‘ఎంఎస్‌ఎం’ అనే అంటూ వచ్చారంటే దానికి ఆంగ్ల వ్యామోహం ఒక్కటే కారణం కాదని గ్రహించాలి.

హిజ్రాల విషయంలో తెలుగు వ్యాకరణం మరొక చిక్కు తెచ్చిపెడుతుంది. సంప్రదాయ వ్యాకరణం పురుషవాచకాలను మహత్తులన్నది. స్త్రీవాచకాలకు ఏకవచనంలో అమహత్తులతోపాటు ఒకే క్రియారూపం ఉంటుంది. ‘ఆమె వచ్చింది’, ‘బండి వచ్చింది’. బహువచనంలో మాత్రం స్త్రీలు పురుషులతో చేరతారు: ‘వారు వచ్చారు’. తమిళంలో పుంలింగం నుంచి స్త్రీలింగానికి మారే వ్యక్తికి వేరుగా ఒక స్త్రీ ప్రత్యయం ఉంది. తెలుగులో ‘వచ్చాడు’ వదలి ‘వచ్చింది’లోకి వచ్చే వ్యక్తి స్త్రీత్వంతోపాటు వస్తువుల వరుసలోకి కూడా వస్తుంది. ‘అది’ అనే సర్వనామం ఇంట్లో కూతురిని గురించి ముద్దుగా అనవచ్చు. అదే మాట బజారులో హిజ్రాను గురించి అన్నప్పుడు ఆమె మనిషి కాదన్న అర్థం ఇస్తుంది. విరాటపర్వంలోని బృహన్నలను తెలుగు సాహిత్యం ఆదరంగానే చూసింది. కాని ఆ ఆదరం అజ్ఞాతవాసం ముగిసేవరకే. వేషం తీసివేసి గాండీవం ఎత్తినప్పుడే ఆ పాత్ర సార్థకమైనట్లు మనం చదువుకున్నాం. వేషం కాని జీవితానికి మన కావ్యభాషలో సిద్ధంగా ఉన్న సర్వనామం లేదు.

అధికార పత్రం ఈ చిక్కును ‘వారు’ అనే బహువచనంతో దాటుతుంది. గౌరవమూ దక్కుతుంది, లింగ నిర్ణయమూ తప్పుతుంది. కాని ఎప్పటికీ బహువచనంలోనే ఉండే మనిషికి సొంత కథ ఉండదు. సమూహం ఉంటుంది, శాతం ఉంటుంది.

5. ఆత్మకథ: ఉత్తమ పురుష ఇచ్చిన చోటు

ఎ. రేవతి తమిళంలో రాసుకున్న జీవితకథ 2010లో వి. గీత చేసిన ఆంగ్లానువాదంగా ముందుగా వెలువడింది. దానిని పి. సత్యవతి ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగు చేశారు. 2019 సంవత్సరానికి కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం ఈ గ్రంథానికి లభించింది. తమిళనాడులోని నామక్కల్ ప్రాంతపు పల్లెలో మగపిల్లవాడిగా పుట్టి, ఆడపిల్లల ఆటల్లో తనను తాను చూసుకొని, అన్నల చేతిలో దెబ్బలు తిని, ఇల్లు విడిచి ఢిల్లీ, ముంబయి, బెంగళూరులలో హిజ్రాల మధ్య బతికి, చివరకు ‘సంగమ’ అనే సంస్థలో కార్యకర్తగా నిలిచిన వ్యక్తి కథ ఇది.

ఈ గ్రంథం హెచ్‌ఐవిని గురించిన పుస్తకం కాదు. నివారణ పరిభాషతో పోల్చి చదవడానికి దీనిని ఎన్నుకోవడంలో ఔచిత్యం అదే. ‘హై రిస్క్ గ్రూప్’ అని పత్రాలు పేర్కొనే జీవితాన్ని లోపలి నుంచి చెప్పినప్పుడు, ప్రమాదం అన్న మాటకు అర్థం ఎక్కడెక్కడ ఉందో ఇది చూపుతుంది. ఇంట్లో అన్న చేతి దెబ్బ ప్రమాదం. లైంగిక వృత్తిలో ఉండగా రౌడీ చేసే అత్యాచారం ప్రమాదం. ఫిర్యాదు చేయవలసిన పోలీసు ఠాణాలోనే హింస ప్రమాదం. తల్లిదండ్రుల ఆస్తిలో వాటా అడిగితే ఎదురయ్యే తిరస్కారం కూడా ప్రమాదమే. వైరస్ ఈ ప్రమాదాల వరుసలో ఒకటి మాత్రమే. కొన్నిసార్లు అది చివరిది. నివారణ సందేశం ఎప్పుడూ ఒక నిర్ణయశక్తి గల వ్యక్తిని ఊహిస్తుంది: అతను తెలుసుకుంటాడు, ఎన్నుకుంటాడు, కండోమ్ వాడతాడు. కత్తి చూపించిన మనిషి ముందు, లాఠీ పట్టుకున్న మనిషి ముందు ఆ ఎంపిక ఎవరిది అని ఈ ఆత్మకథలోని ఘట్టాలు మనల్ని అడుగుతాయి. ‘తెచ్చుకున్నాడు’ అనే క్రియ అబద్ధమని వాదించి చెప్పడం కన్నా, ఆ ఘట్టాల తరువాత ఆ క్రియను పలకడానికి నోరు రాకుండా చేయడం సాహిత్యం చేసే పని.

ఇక వ్యాకరణం సంగతి. తెలుగులో ఉత్తమ పురుష క్రియకు లింగభేదం లేదు. ‘నేను వచ్చాను’, ‘నేను ఏడ్చాను’ అన్నప్పుడు వక్త స్త్రీయో పురుషుడో క్రియ చెప్పదు. హిందీ వంటి భాషలలో ఈ సౌలభ్యం అంతగా లేదు. అక్కడ క్రియ చాలా చోట్ల ఉత్తమ పురుషలోనూ లింగాన్ని ప్రకటిస్తుంది. కాబట్టి తెలుగులో ఆత్మకథ అనే ప్రక్రియ హిజ్రా రచయితకు ప్రథమ పురుష కథనం ఇవ్వలేని చోటును ఇస్తుంది. బాల్యం నుంచి చివరి పుట వరకు, ఊరివాళ్ళు ఏమని పిలిచినా, శస్త్రచికిత్సకు ముందూ తరువాతా, ‘నేను’ మారదు. ‘వాడు’, ‘అది’, ‘ఆమె’, ‘వారు’ అనే నాలుగు సర్వనామాల మధ్య ఇతరులు తడబడుతున్నంతసేపూ కథకురాలి క్రియ తడబడదు.

అయితే ఈ చోటు సంపూర్ణం కాదు. నామాఖ్యాతాలలో లింగం తిరిగి వస్తుంది. ‘నేను చిన్నవాడిని’ అనాలా, ‘నేను చిన్నదాన్ని’ అనాలా? ఆంగ్లం నుంచి తెలుగు చేసే అనువాదకురాలికి ఈ ప్రశ్నకు మూలంలో జవాబు దొరకదు, ఎందుకంటే ఆంగ్లానికి ఈ ప్రశ్నే లేదు. ఇటువంటి ప్రతి చోటా తెలుగు అనువాదం ఒక నిర్ణయం తీసుకోవలసిందే, లేదా వాక్యాన్ని క్రియవైపు తిప్పుకోవలసిందే. ఈ దృష్టితో హిజ్రా ఆత్మకథల తెలుగు అనువాదాలను వాక్యస్థాయిలో పరిశీలించడం ప్రత్యేక పరిశోధనకు తగిన అంశం.

ఆత్మకథ అందించే మరొక వనరు బంధువాచకాలు. గురువు, చేలా, నాని, అక్క, అమ్మ అనే మాటలు ఈ సముదాయంలో అలంకారాలు కావు. రోగం వస్తే ఎవరు పక్కన కూర్చోవాలో, చనిపోతే ఎవరు కర్మ చేయాలో నిర్ణయించే ఏర్పాట్లు. ఈ బంధాలు ఎప్పుడూ మృదువైనవి కావు. గురువుకు సంపాదనలో వాటా ఇవ్వాలి, కట్టుబాటు తప్పితే జరిమానా చెల్లించాలి. అయినా ‘పీర్ ఎడ్యుకేటర్’ చెప్పిన మాటకన్నా ‘అక్క’ చెప్పిన మాటకు బలం ఎక్కువ ఉండడానికి కారణం ఇదే. ఆవాహన్ వంటి కార్యక్రమాలు సముదాయ సమీకరణకు ప్రాధాన్యం ఇవ్వడంలో ఈ సత్యాన్ని కొంత గుర్తించాయి. కాని ఆ గుర్తింపు వారి పరిభాషలోకి చేరలేదు. పత్రంలో అక్క మళ్ళీ ‘పీర్’ అయింది.

6. ఆక్షేపణలు, సమాధానాలు

ఈ వాదం మీద రెండు ఆక్షేపణలకు అవకాశం ఉంది. అంతర్జాతీయ పరిభాష పరాయిది, సముదాయపు మాట సొంతది అనే విభజన అంత నిక్కచ్చిగా నిలుస్తుందా అనేది మొదటిది. లారెన్స్ కోహెన్ 2005లో రాసిన ఒక వ్యాసంలో ‘కోథీ’ అనే దేశీయ పదమే ఎయిడ్స్ నిధుల మార్గంలో ప్రయాణించి, వాటి అవసరాలకు అనుగుణంగా రూపుదిద్దుకొని, సముదాయాల మధ్య వివాదానికి కారణమైన తీరును చర్చించారు. కాబట్టి దేశీయమైనంత మాత్రాన ఏ పదమూ స్వచ్ఛం కాదు. తెలుగు లిపిలో ఆ పదాన్ని ఒత్తు లేకుండా రాస్తే జంతువు పేరు అవుతుందన్న చిన్న విషయం కూడా ప్రతి దేశీయ పదమూ ప్రతి దేశభాషలో ఇమడదని గుర్తుచేస్తుంది. ఈ ఆక్షేపణను అంగీకరించవలసిందే. ఇక్కడి వాదం పదం ఎక్కడిది అన్నదాని మీద కాక, ఆ పదంతో ఎవరు ఎవరిని పిలుస్తున్నారు అన్నదాని మీద నిలుస్తుంది.

రెండవది, ఆరోగ్య పరిభాష లేకపోతే హక్కులే వచ్చేవి కావనేది. ఇందులో గట్టి నిజం ఉంది. నాజ్ ఫౌండేషన్ 2001లో భారత శిక్షాస్మృతి 377వ సెక్షన్‌ను సవాలు చేసినప్పుడు ప్రధాన వాదాలలో ఒకటి ఆ సెక్షన్ హెచ్‌ఐవి నివారణకు అడ్డుగా ఉందన్నది. అదే సంవత్సరం లక్నోలో నివారణ కార్యకర్తలను పోలీసులు నిర్బంధించిన ఘటన ఆ వాదానికి సాక్ష్యంగా నిలిచింది. కేంద్ర హోంశాఖ సెక్షన్‌ను సమర్థించగా జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ అది నివారణకు ఆటంకమని అదే న్యాయస్థానానికి తెలిపింది. 2009లో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు 2013లో తోసిపుచ్చింది. చివరకు 2018 సెప్టెంబరు 6న పరస్పర అంగీకారంతో వయోజనుల మధ్య జరిగే సంబంధం నేరం కాదని ప్రకటించింది. ఈ ప్రయాణంలో గమనించవలసింది భాష మార్పు. వాదం రోగం నుంచి మొదలై గౌరవం, గోప్యత, అస్తిత్వం అనే మాటల వద్దకు చేరింది. 2014 నాటి నల్సా తీర్పు స్వీయ నిర్ణయాన్ని, అంటే తన లింగాన్ని తానే చెప్పుకునే హక్కును, గుర్తించింది. సాహిత్య పరిభాషలో చెప్పాలంటే న్యాయస్థానం ప్రథమ పురుష నుంచి ఉత్తమ పురుషకు వచ్చింది. ఆరోగ్య పరిభాష తలుపు తెరిచింది. ఆ తలుపు దాటిన తరువాత కూడా అదే పరిభాషలో ఉండిపోవడం మీదనే ఈ వ్యాసానికి అభ్యంతరం.

7. నిధులతో వచ్చిన మాటలు

ఈ చర్చ కేవలం పదాల గురించినది కాదని ఇటీవలి ఒక ఉదాహరణ చూపుతుంది. 2021లో హైదరాబాదులోని నారాయణగూడలో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల కోసం ‘మిత్ర్’ అనే క్లినిక్ ప్రారంభమైంది. అమెరికా ప్రభుత్వ సహాయంతో నడిచిన ఈ క్లినిక్‌లో హెచ్‌ఐవి పరీక్షలు, చికిత్స, హార్మోన్ల సలహా, మానసిక ఆరోగ్య సేవలు ఒకేచోట అందేవి. సేవలందించినవారిలో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులే అధికం. పేరు కూడా ‘మిత్ర్’. ప్రమాదాన్ని కాక బంధాన్ని చెప్పే పేరు. 2025 ప్రారంభంలో అమెరికా తన విదేశీ సహాయాన్ని నిలిపివేయడంతో అది మూతపడింది.

కార్యక్రమం నిధుల మీద ఆధారపడుతుంది, నిధులు దూరదేశపు రాజకీయాల మీద ఆధారపడతాయి. నిధులు ఆగినప్పుడు జీతాలు, మందుల సరఫరా, పరీక్షా పరికరాలు ఆగుతాయి. వాటికి ప్రత్యామ్నాయం ప్రభుత్వమే చూపాలి, సాహిత్యం చూపలేదు. కాని నిధులతోపాటు మాటలు కూడా వెళ్ళిపోతే నష్టం రెట్టింపు అవుతుంది. ఒక హిజ్రా ప్రభుత్వాసుపత్రిలో చీటీ రాయించుకునే కిటికీ ముందు నిలబడినప్పుడు, అవతల కూర్చున్న ఉద్యోగికి ఆమెను పిలవడానికి నింద లేని తెలుగు మాట ఒకటి తెలిసి ఉండాలి. ప్రాజెక్టు ఉన్నన్నాళ్ళూ ఆ అవసరాన్ని ఆంగ్లపు పొడి అక్షరాలు తీర్చాయి. ఆ కిటికీ వద్ద పొడి అక్షరాలు పనికిరావు. అక్కడ ‘ఏయ్’ అని పిలుస్తారా, ‘ఏమ్మా’ అని పిలుస్తారా అన్నదాని మీద ఆమె మళ్ళీ మందులకు వస్తుందా రాదా అన్నది కొంతైనా ఆధారపడి ఉంటుంది.

8. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

1. అంతర్జాతీయ నివారణ పరిభాష కళంకాన్ని తగ్గించే ఉద్దేశంతోనే పుట్టింది. కాని చర్యనే పేరుగా చేయడం వల్ల తెలుగులో అది ‘తెచ్చుకున్నాడు’ అనే నిందావాక్యానికి దగ్గరైంది.

2. ఒకే పేరు కింద భిన్న జీవితాలను చేర్చడం వైద్య ఫలితాలను కూడా మరుగుపరచగలదని ఐప్రెక్స్ పునఃపరిశీలన చూపుతుంది. తెలుగు ప్రాంతపు హిజ్రా, జోగిని, శివసత్తి భేదాలు ఈ విషయంలో మరింత జాగ్రత్తను కోరుతున్నాయి.

3. తెలుగు క్రియకు ఉత్తమ పురుషలో లింగభేదం లేకపోవడం వల్ల ఆత్మకథా ప్రక్రియ హిజ్రా జీవితాన్ని సర్వనామాల చిక్కు లేకుండా చెప్పగల చోటును ఇస్తున్నది. ‘ఒక హిజ్రా ఆత్మకథ’కు తెలుగులో ఉన్న ప్రాముఖ్యం వస్తువు వల్లనే కాక ఈ భాషాగుణం వల్ల కూడా ఏర్పడింది.

4. ఆరోగ్య రంగానికి తెలుగు పరిభాష తయారుచేసే సంఘాలలో భాషావేత్తలతోపాటు ఆ సముదాయాల వ్యక్తులకు చోటు ఉండాలి. ఏ పదం వాడాలో వారు చెప్పిన తరువాతనే దాని సంధిసమాసాలను మనం చర్చించాలి.

‘అతనికి వచ్చింది’, ‘ఆమెకు వచ్చింది’ అనే వాక్యాలు తెలుగులో అనాదిగా ఉన్నాయి. మశూచికీ కలరాకూ ఆ దయ దక్కింది. హెచ్‌ఐవికి దక్కకపోవడం భాష లోపం కాదు, భాషను వాడినవారి ఎంపిక. ఆ ఎంపికను మార్చుకోవడానికి విదేశీ నిధులు అక్కరలేదు.